కల్యాణకట్టలో పదిరూపాయల నోటు

తిరుమల తిరుపతి దేవస్థానముల ధర్మకర్తల మండలి అధ్యక్షులవారికిని, సభ్యమహాశయులకును,



మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను ఈ మూడు పట్టణముల చుట్టునున్న పల్లెలలో బిడ్డ పుట్టినప్పుడు పుట్టువెండ్రుకలు ఎక్కడ తీయింపవలెనను ప్రశ్నకు ఇంటి పెద్దలు ఎక్కువగా ఆలోచింపరు. ఇలవేల్పు బోయకొండ గంగమ్మయైన ఇంటివారు చౌడేపల్లె దారి పట్టుదురు. తక్కినవారిలో పెక్కుమంది కొండకే వత్తురు. మదనపల్లెవారు పీలేరు దాటి భాకరాపేట కనుమ మీదుగా, కుప్పమువారు పలమనేరు, చిత్తూరుల మీదుగా, పుంగనూరువారు ఏ బస్సు ముందు దొరకిన ఆ బస్సెక్కి, తెల్లవారునప్పటికి తిరుమల చేరి, దర్శనమునకు ముందుగా కల్యాణకట్టకు నడచుట మా తాతల నాటినుండి వచ్చుచున్న మర్యాద. అట్లు నడచువారి పక్షమునను, వారి శిరస్సులమీద కత్తి నడపు క్షురకుల పక్షమునను, ఆ ఇరువురి నడుమ చేతులు మారు ఒక చిన్న నోటును గూర్చి తమకు ఈ లేఖ వ్రాయుచున్నాను. అర్జీలు రహస్యముగా పెట్టుకొనవలసిన విషయము గాదు గనుక బహిరంగముగా వ్రాయుట మేలని తోచినది.

కల్యాణకట్టలో శిరోముండనమునకు రుసుము లేదు. భక్తుడు వరుసలో నిలిచి చీటీ పుచ్చుకొనును, దానితోపాటు బ్లేడు పుచ్చుకొనును, తనకు చెప్పిన చోటికి పోయి క్షురకుని యెదుట తల వంచి కూర్చుండును. కొన్ని నిమిషములలో మ్రొక్కు తీరును. ఎవ్వరికిని ఏమియు నీయవలదని దేవస్థానమువారు పలుమారులు ప్రకటించియున్నారు. అయినను లేచి నిలుచుండునప్పుడు భక్తుని చేయి జేబులోనికి పోవుచునే యున్నది. పది యనియు ఇరువది యనియు ఏబది యనియు నోటొకటి మడతపడి క్షురకుని చేతికి అందుచునే యున్నది. ఇచ్చువాడు తప్పు చేయుచున్నానని యనుకొనడు. పుచ్చుకొనువాడు దొంగతనము చేయుచున్నానని యనుకొనడు. మధ్యమున నియమము మాత్రము ఇరువురిని చూచుచు గోడమీద నిలిచియున్నది.

ఈ నియమమునకు దండము తగిలినప్పుడెల్ల అది క్షురకునిమీదనే పడినది. 2017లో భక్తులయొద్ద సొమ్ము పుచ్చుకొనుచున్నారను కారణమున 243 మంది క్షురకులను దేవస్థానము పనినుండి తొలగించినది. ఆ వార్త మన పత్రికలలోనేగాక దేశాంతర పత్రికలలోను వచ్చినది. 2022లో విజిలెన్సువారు సోదాల పేరిట తమను అవమానించుచున్నారని వాపోవుచు క్షురకులు కల్యాణకట్టయొద్దనే నిరసనకు కూర్చుండిరి. మరుసటి సంవత్సరము, తలకింతయని పీస్ రేటుపై పనిచేయువారికి నెలకు కనీసము 20,000 రూపాయలు అందవలెనని ధర్మకర్తల మండలి నిర్ణయించినది. ఈ మూడు సంగతులును జరిగిన వరుసను తమరు గమనింపవలెనని నా ప్రార్థన: మొదట తొలగించితిరి, పిమ్మట జేబులు వెదకితిరి, చివరకు జీతము సంగతి తలచితిరి. మొదట జరుగవలసినది చివర జరుగుటచేతనే తక్కిన రెండును అంత చేదుగా జరిగినవని నా యభిప్రాయము.

ముండనము ఉచితమను మాటను గూర్చి ఒకింత విచారింపవలసియున్నది. దేవస్థానము ప్రతిదినమును మూడు సంఖ్యలు ప్రకటించుచుండును: స్వామిని దర్శించుకొన్నవారెందఱు, తలనీలాలు సమర్పించినవారెందఱు, హుండీ ఆదాయమెంత. రెండవ సంఖ్య సామాన్యముగా ఇరువది వేలకును నలువది వేలకును నడుమ నుండును. ఆ తలల నుండి రాలిన కేశములను పొడవునుబట్టి తరగతులుగా ఏర్పరచి వేలము వేయుదురు. 2025-26 సంవత్సరమునకు మండలి ఆమోదించిన 5,258.68 కోట్ల రూపాయల అంచనాలలో ఈ కేశవిక్రయము వలన వచ్చునని లెక్కవేసినది 176.5 కోట్లు. మన అక్కచెల్లెండ్ర జడలు సముద్రములు దాటి విగ్గులై ఏ దేశమున ఎవరి శిరస్సులను అలంకరించుచున్నవో వారికి తెలియదు. తెలిసినను స్వామికిచ్చినదానిని మరల తలచుకొను అలవాటు మాలో లేదు. ఆ సొమ్ము అన్నదానమునకో విద్యకో వైద్యమునకో వినియోగమగుచున్నదని విని సంతోషింతుము. అయితే ఆ 176.5 కోట్లలో ఒక్క రూపాయియు క్షురకుని చేతిమీదుగా గాక మరియొక దారిని వచ్చినది గాదు. కాబట్టి భక్తుడు ముండనమునకు ఏమియు చెల్లింపలేదనుట సరిగాదు. నాణెముగా చెల్లింపలేదు, కేశముగా చెల్లించినాడు. క్షురకుని కూలి ఆ చెల్లింపులోనే ఇమిడియున్నది. దానిని విడదీసి అతని చేతిలో సరిగా పెట్టుట మాత్రమే మిగిలిన పని. ఆ పని భక్తునిది గాదు, దేవస్థానముది.

ఈ చిక్కు కొండమీదనే పుట్టినదని యనుకొనరాదు. మా ఊళ్లలో ఉద్యోగములు విరమించిన ఉపాధ్యాయులును, బ్యాంకు గుమాస్తాలును ఈమధ్య అమెరికాలోని బిడ్డలయొద్దకు పోయినప్పుడు, ఆ బిడ్డలు వారిని సియాటిల్‌లోనో వాంకూవర్‌లోనో ఓడయెక్కించి అలాస్కా మంచుకొండలు చూపించి తెచ్చుచున్నారు. అంత దూరము పోనక్కరలేకుండ మన విశాఖపట్టణములోనే 2022లో కార్డీలియా విహారనౌక ఆగినది, 2023లో అచ్చట ప్రత్యేకముగా క్రూజ్ టెర్మినల్ వెలసినది. తిరిగివచ్చినవారిని మంచుకొండలను గూర్చి అడుగుదునుగదా, వారు రెండు మాటలు చెప్పి, మూడవ మాటగా టిప్పును గూర్చి చెప్పుట మొదలుపెట్టుదురు. పెద్ద ఓడలలో అనేకము టికెట్టు ధరకు అదనముగా ఒక్కొక్కరికి దినమునకు సుమారు పదునారు మొదలు ఇరువది డాలర్ల వరకు సేవారుసుమును లెక్కకు చేర్చుచున్నవి. ఇంతకన్న ఖరీదైన సిల్వర్‌సీ, సీబోర్న్, రీజెంట్ సెవెన్ సీస్ వంటి సంస్థలు ఆ రుసుమును టికెట్టులోనే కలిపి, మీరు వేరుగా ఏమియు ఈయనక్కరలేదని ముందే చెప్పుచున్నవి. ఇంగ్లండునుండి నడచు పీ అండ్ ఓ క్రూజెస్ అను సంస్థ 2019లో దినరుసుమును మొత్తముగా ఎత్తివేసినది.

ఇంత స్పష్టముగా చెప్పినను చివరి రాత్రి గదిలో దంపతులిరువురును గుసగుసలాడుకొందురట. పడక సవరించిన పిల్లవానికి ఏమైన ఈయవలెనా, ఈయకపోయిన పల్లెటూరివారమని యనుకొందురా, పక్క గదివారు ఇచ్చిరా? మన తిండి తినువారికని వంటవాడు ఉల్లి వెల్లుల్లి లేని పప్పు ప్రత్యేకముగా వండి పెట్టెను గదా, వాని ఋణముంచుకొనుట ఎట్లు? ఈ గుసగుసలను నేను పరిహసింపజాలను. ఎదుటివాని శ్రమను చూచినవానికి చేయి ఊరకుండదు. అది మంచి లక్షణమే. కాని ఆ గదిలో వారికి తెలియవలసినది, ఎవ్వరును చెప్పనిది ఒక్కటి యున్నది: టికెట్టులో కలిపితిమని చెప్పిన ఆ సొమ్ము ఆ పిల్లవాని జీతములో నిజముగా ఎంత కలిసినది? అతిథికి చేసిన వాగ్దానము అతిథి కంటబడుచున్నది. పనివానికి చేసిన వాగ్దానము నెరవేరినదో లేదో అతిథి చూడలేడు. ఆ సందేహమే చేతిని జేబులోనికి పంపుచున్నది.

కల్యాణకట్టలోను ఇదియే. భక్తునికి క్షురకుని జీతమెంతో తెలియదు. వానికి తలకింతయని ఇత్తురట, ఆ ఇంత చాలదట, అని క్యూలో విన్నమాట మాత్రము తెలియును. సముద్రముమీద పనిచేయువారికొక అంతర్జాతీయ ఒడంబడిక యున్నది. 2006లో కుదిరి 2013లో అమలునకు వచ్చినది, మన దేశమును 2015లో దానిని అంగీకరించినది. నెల దాటకుండ జీతమీయవలెననియు, ఆ జీతములో ఏది దేనికని చూపు లెక్కచీటీ నెలనెల నావికునికి అందవలెననియు అందులో నున్నది. సముద్రముమీద సాధ్యమైనది ఏడు కొండలమీద అసాధ్యమని నేననుకొనను.

మా ప్రాంతమునకు ఈ విషయమున ఒక పాత స్మృతి కలదు. విజయనగర కాలమునాటినుండి రాయలసీమ పల్లెలలో ఆయగాండ్రను ఏర్పాటు నడచినది. పుంగనూరు జమీందారీ గ్రామములలోను అట్టి ఏర్పాటే యుండెను. కరణము, తలారి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి మొదలగువారితో సమముగా క్షురకుడును ఆయగాడే. అతడు క్షౌరము చేయుటయేగాక పెండ్లిలో నాగస్వరము ఊదును, పుండునకు మందు కట్టును, అతని ఇల్లాలు పురుడు పోయును. పంట కల్లమునకు చేరిన నాడు రాశిలో అతని మేర కొలిచి యిచ్చిన పిమ్మటనే రైతు తన గింజలు ఇంటికి తోలుకొనవలెను. ఆ వ్యవస్థలో అన్యాయములు లేవని నేననుట లేదు. పుట్టుకతో వృత్తిని ముడివేసి, ఎదిగిపోవు దారులను మూసివేసిన వ్యవస్థ యది, దానిని తిరిగి కోరువాడెవడును లేడు. అయినను అందులో ఒక గుణము మాత్రము మెచ్చదగినది: మేర దయాధర్మము గాదు, హక్కు. రైతు ఇష్టపడినను పడకున్నను కొలువవలసినదే. క్షురకుడు చేయి చాచి నిలువడు, బుట్ట పట్టుకొని నిలుచును.

ఆ మేర పోయి పీస్ రేటు వచ్చినది. తల లెక్కన కూలి యనగా భక్తులు తగ్గిన దినమున వాని ఇంటిలో పొయ్యి తగ్గును. భక్తులు పోటెత్తిన దినమున వాని చేయి బ్లేడును ఆగకుండ నడపవలసియుండును. ఆ తొందరలో గాటుపడిన చిన్నవాడు ఏడ్చును, తల్లి తిట్టును. హక్కు తఱిగిన చోట దయ వచ్చి కూర్చుండును. దయ అలవాటైన చోట అది కొన్నాళ్లకు మామూలై కూర్చుండును. నేడు మనము చూచుచున్న నోటు ఆ మామూలే.

అమెరికాదేశపు రైళ్ల చరిత్రలో దీనికి సరిపోలు కథ యొకటి కలదు. పుల్‌మన్ కంపెనీ అను గొప్ప సంపన్నసంస్థ, అచ్చట అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము పోయిన తరువాత, తన నిద్రపెట్టెలలో సేవకై నల్లజాతివారిని నియమించుకొన్నది. జీతము కొద్దిగా ఇచ్చి, మిగిలినది ప్రయాణికులు ఇచ్చు బహుమానములతో సరిపెట్టుకొనుమన్నది. యజమాని పేరు జార్జ్ గనుక ప్రయాణికులు ప్రతి సేవకుని 'జార్జ్' అనియే పిలిచెడివారట. బహుమానముపై బ్రతుకువానికి సొంత పేరు కూడ మిగులలేదు. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున 1925లో వారు సంఘము కట్టుకొని, పండ్రెండేండ్లు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందము సాధించిరి. వారు అడిగినది పెద్ద బహుమానములు కావు. నెలకు నిలకడైన జీతము, పనిగంటలకు హద్దు, సొంత పేరు. అదే దేశమున 1909లో వాషింగ్టన్ రాష్ట్రముతో మొదలుపెట్టి ఆరు రాష్ట్రములు టిప్పులను చట్టముచే నిషేధించి చూచినవి. 1926 నాటికి ఆ చట్టములన్నియు రద్దయిపోయినవి. జీతమును ముట్టుకొనకుండ చేసిన నిషేధములు గనుక అవి నిలువలేదని నాకు తోచును. నేటికిని అచ్చటి సమాఖ్య చట్టము టిప్పులు పొందు పనివారికి గంటకు 2.13 డాలర్లిచ్చిన చాలునని యనుమతించుచున్నది. 1991నుండి ఆ అంకె కదలలేదు. మిగిలినది టిప్పులతో నిండవలెను, నిండనిచో యజమాని పూరింపవలెనని చట్టము. పూరింపుమని అడుగు ధైర్యము ఎంగిలిపళ్లెములు తీయువానికి ఎంతమాత్రముండునో తమరే యూహింపగలరు.

మన హోటళ్లలో ఈ వివాదము మరియొక రూపమున నడచినది. బిల్లుమీద సేవారుసుమును తమంతట తామే వేసి వసూలుచేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకములు వెలువరించెను. హోటళ్ల సంఘములు ఢిల్లీ హైకోర్టుకు పోయి వానిని నిలిపివేయించెను. 2025 మార్చి 28న ఆ న్యాయస్థానమే మార్గదర్శకములు సరియైనవేయని తీర్పు చెప్పి, వ్యాజ్యములు కొట్టివేసెను. ఇచ్చుట ఇచ్చువాని యిష్టమని తేలినది. హార్స్‌లీ కొండకు వారాంతములలో బెంగుళూరునుండి వచ్చువారికి ఇది శుభవార్తయే. అయితే కుప్పమునుండి పోయి అదే బెంగుళూరు హోటళ్లలో బల్లలు తుడుచు మా కుఱ్ఱవానికి ఆ తీర్పువలన జీతము పెరిగినదా యను ప్రశ్న ఏ న్యాయస్థానము ముందునకును రాలేదు. వినియోగదారునికి రక్షకుడున్నాడు, సోంపుగింజలతో పాటు బిల్లు పెట్టిన అట్టలోని చిల్లరకై చూచువానికి ఎవడున్నాడు?

ఇంతవరకు క్షురకుని పక్షమున వ్రాసితిని. ఇక భక్తుని పక్షము. ఇచ్చుటకు ప్రేరేపించు మనోభావములు మూడు: భయము, డంబము, కృతజ్ఞత. నెత్తిమీద కత్తి యుండగా అడిగిన సొమ్మును భయమున ఇత్తురు. ముఖ్యముగా ఒడిలో పసిబిడ్డ యున్న తల్లి, కత్తి మెత్తగా నడువవలెనని, అడుగకముందే యిచ్చును. కారులో వచ్చినవారు డంబమున ఇత్తురు. ఇతరులు పదియిచ్చిన చోట ఏబదియిత్తురు. కృతజ్ఞతతో ఇచ్చువారు లేకపోలేదు. ముండనమైన పిదప వయోవృద్ధుని చేయిపట్టి మెట్లు దింపిన క్షురకునకు ఆ వృద్ధుడు ఇచ్చు నోటు నా దృష్టిలో దక్షిణయే. మొదటి రెండింటిని మూడవదానినుండి వేరుచేయు యంత్రము ఏ విజిలెన్సువారియొద్దను లేదు.

ఇందులో అన్నిటికన్న నన్ను బాధించునది మరియొకటి. రామసముద్రము మండలములోని ఏదో పల్లెనుండి, టమాటాతోటలో కూలికిపోయి కూడబెట్టిన డబ్బుతో, ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన యొక తల్లిని తలచుకొనుడు. ఆమె లెక్కలో బస్సుచార్జీలున్నవి, పిల్లలు అడుగబోవు బొమ్మలున్నవి. కల్యాణకట్ట ఉచితమని నమ్మినది గనుక అందుకేమియు లేదు. తనకు ముందున్న సంపన్నుడు చిరునవ్వుతో ఇచ్చిన ఏబది రూపాయలు ఆమె పాలిటికి అప్పుగా మారుచున్నవి. నాలుగు తలలకు నాలుగు నోట్లు ఆమె ఎక్కడినుండి తెచ్చును? ఈయలేక సిగ్గుపడి, సిగ్గుతో స్వామి యెదుట నిలుచును. ధనవంతుని ఔదార్యము దరిద్రుని రుసుము అగుట ఎక్కడైనను దుస్సహమే, స్వామి వాకిట మఱియును. టిప్పు మానుకొనుడని నేను మా ఊరివారికి చెప్పుటకు కారణము క్షురకునిమీద కోపము గాదు, ఆ తల్లి. కాబట్టి అడిగి పుచ్చుకొనుట తప్పేయని నేను నిస్సంకోచముగా ఒప్పుకొందును. అయితే అడిగినవానిని, అడుగకుండ చేతిలో పెట్టినదానిని కాదనలేనివానిని ఒక్క త్రాట కట్టి శిక్షించుట న్యాయము గాదు.

తమ పరిధిలో లేనిదైనను, తెలిసియుండవలసిన సంగతి మరియొకటి. 2018 జూనులో రాష్ట్రమందలి దేవాలయ క్షురకులు జీతములకై సమ్మెచేసి, కొన్ని దినములు మ్రొక్కుబళ్లు ఆగిపోవునట్లు చేసిరి. 2024 ఆగష్టులో రాష్ట్ర ముఖ్యమంత్రి, దేవాదాయశాఖ సమీక్షలో, ఆలయములలో పనిచేయు నాయీబ్రాహ్మణులకు నెలకు కనీసము 25,000 రూపాయలు అందవలెనని చెప్పిరి. ఆ ముఖ్యమంత్రి 1989నుండి మా కుప్పమునకు శాసనసభ్యులు. కావున ఈ మాటను మా వైపువారు శ్రద్ధగా విని గుర్తుపెట్టుకొనిరి. దేశములోకెల్ల సంపన్నమైన దేవస్థానము నెలజీతపు కనీసపు అంకెలో చిన్న ఆలయములకన్న వెనుకబడియుండుట తమకు శోభింపదు.

ఇక నా విన్నపములు. పీస్ రేటు క్షురకులకు మండలి నిర్ణయించిన కనీసము, భక్తుల రాక తగ్గినను పెరిగినను చెదరని నెలజీతముగా స్థిరపడవలెను; దానిమీద పని ఎక్కువైన నెలలలో తలలనుబట్టి అదనము ఈయవచ్చును. నెలనెల ప్రతి క్షురకునికిని, స్త్రీ క్షురకులకును, లెక్కచీటీ అందవలెను. ఆ జీతపు కనీసపు అంకెను కల్యాణకట్ట ద్వారముననే తెలుగు, తమిళము, కన్నడము, హిందీ, ఇంగ్లీషు భాషలలో వ్రాయింపవలెను. ఉచితము, ఎవ్వరికి ఏమియు ఈయవలదు అని మాత్రము వ్రాసిన బోర్డు భక్తుని సందేహమును తీర్పదు. ఈ సేవచేయువారికి దేవస్థానము నెలకింత ఇచ్చుచున్నది, అది మీరు సమర్పించిన తలనీలాలనుండియే వచ్చినది, అని వ్రాసిన బోర్డు తీర్చును. చదివినవాని చేయి తానే వెనుకకు తిరుగును.

కృతజ్ఞతతో ఇచ్చువారికొక దారి యుండవలెను. టిప్పు టికెట్టులోనే కలిసియున్న కొన్ని ఓడలలో, ఇంకను ఈయదలచినవారు సిబ్బంది సంక్షేమనిధికి ఈయవచ్చునని చెప్పుదురు. కల్యాణకట్ట వెలుపల, ముండనము ముగించుకొని పోవు దారిలో, క్షురకుల బిడ్డల చదువులకును వైద్యమునకును ఉద్దేశింపబడిన హుండీ యొకటి పెట్టించిన బాగుండును. లోపల కత్తి యున్నది గనుక వెలుపల పెట్టుమనుచున్నాను. దీనికి ఒక ఆక్షేపణ రాగలదు: హుండీలో పడినదానిని చూపి రేపు జీతము తగ్గింతురేమో యని క్షురకులు భయపడుదురు, ఆ భయము నిరాధారము గాదు, పుల్‌మన్ కంపెనీ చేసినది అదియే గదా. కావున ఆ నిధికిని జీతమునకును సంబంధము లేదని మండలి తీర్మానములోనే వ్రాసియుండవలెను; నిధి లెక్క సంవత్సరమునకొకమారు క్షురకుల ప్రతినిధుల ఎదుటనే తేల్చవలెను.

సోదాలను గూర్చి ఒక్కమాట. పనివాని దేహమును తడవి నోట్లు వెదకు పద్ధతిని మానుకొనుడు. అడిగి తీసికొన్నాడని భక్తుడెవడైన ఫిర్యాదుచేసినచో విచారింపుడు, ఇరుపక్షముల మాటలు వినుడు, తప్పు తేలినచో శిక్షింపుడు. ఫిర్యాదు చేయుట తేలికయగునట్లు చీటీ వెనుకనే నంబరు ముద్రింపవచ్చును. జీతము చాలినంత ఇచ్చి, లెక్క చూపి, దారి చూపిన తరువాత కూడ అడిగినవానిని శిక్షించుటకు తమకు సంపూర్ణాధికారము కలుగును; అంతకుముందు చేసిన శిక్షలో సగము యజమానికే చెందును.

మా ఊరివారికిని ఈ లేఖద్వారా చెప్పవలసినది కొంచెమున్నది. వారును దీనిని చదువుదురు గదా. ఓడయెక్కు పెద్దలారా, టిప్పు టికెట్టులో కలిపితిమని సంస్థవారు చెప్పినచో నమ్ముడు, చివరి రాత్రి గుసగుసలాడి నిద్ర చెఱుపుకొనకుడు. నిజముగా మీకై శ్రమపడినవాడొకడున్నచో, ఎవ్వరును చూడకుండ ఇండు, లేదా వాని పేరు వ్రాసి పై అధికారికి మెచ్చుకోలు ఉత్తరమీయుడు. పదోన్నతికి అది పనికివచ్చును. కొండయెక్కు పెద్దలారా, కల్యాణకట్టలో నోటు తీయునప్పుడు మీ వెనుక వరుసలో నున్నవారిని ఒకమారు తిరిగి చూడుడు. క్షురకునికి నమస్కరించి రండు, పేరడిగి రండు; అందుకు ఏ నియమమును అడ్డుపడదు.

అధ్యక్షమహాశయా! ఇవి పెద్ద ఖర్చుతో గూడిన కోర్కెలు కావు. కేశములవలన వచ్చునని తమరే లెక్కవేసినదానిలో అల్పభాగముతో నెరవేరునవి. రాబోవు ధర్మకర్తల మండలి సమావేశపు కార్యసూచికలో ఈ విషయమును చేర్చి, క్షురకుల ప్రతినిధులను పిలిపించి విని, తీసికొన్న నిర్ణయమును పత్రికాముఖమున తెలుగులో ప్రకటింపవలసినదిగా తమను ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
విధేయుడు,
మదనపల్లె వాసి యగు ఒక భక్తుడు